శివరామపల్లియు మిత్రసమాజమును - దానశబ్దవిచారము

హైదరాబాదునుండి శంషాబాదునకు పోవు రాజమార్గమున శివరామపల్లి యను గ్రామము కలదు. నేడది నగరమున కలిసిపోయినది. 2008వ సంవత్సరము మార్చి నెలలో శంషాబాదున విమానాశ్రయము తెరవబడిన పిదప నాప్రాంతమున భూమి గజముల లెక్కను బేరమాడబడుచున్నది. భూమిని వెల గొనక యిచ్చు నుద్యమమునకు నాంది యీ త్రోవలోనే జరిగెననుట విచిత్రము.

1951వ సంవత్సరము ఏప్రిలు 8వ తేదీన శివరామపల్లిలో సర్వోదయ సమ్మేళనము ప్రారంభమయ్యెను. వినోబా భావే వార్ధా సమీపమునందలి పవనారునుండి కాలినడకను దానికి వచ్చెను. తెలంగాణమున 1946 మొదలు సాయుధ రైతాంగపోరాటము సాగుచుండెను. సమ్మేళనానంతరము వినోబా యా పల్లెలకే నడిచెను. 18వ తేదీన పోచంపల్లిలో దళిత కుటుంబములవారు 80 ఎకరములు కోరగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరము లిత్తునని సభలో పలికెను. ఆ యాత్రయందు 51 దినములలో 12,201 ఎకరములు లభించెను.

ఈ యుద్యమ మాకర్షించినవారిలో క్వేకరు లొకరు. 17వ శతాబ్దమున ఇంగ్లండు దేశమున జార్జి ఫాక్సు బోధనచే నేర్పడిన యీ సమాజమునకు ‘మిత్రసమాజ’ మని స్వనామము. క్వేకరనగా కంపించువాడు; అది పరులు పరిహాసమునకై పెట్టిన పేరు. నిందార్థమున పుట్టిన శబ్దము కాలక్రమమున రూఢిచే గౌరవవాచక మయ్యెను. ప్రతి మానవునియందును దైవాంశము కలదని వారి మూలవిశ్వాసము. దానినుండియే యుద్ధవిముఖతయు, సర్వసమత్వమును పుట్టినవి.

ఆ సమత్వమును వారు మొదట వ్యాకరణమున చూపిరి. ఆ కాలపు ఇంగ్లీషున గొప్పవారిని బహువచనముతోను, తక్కువవారిని ఏకవచనముతోను సంబోధించుట మర్యాద. క్వేకరులు ప్రభువునైనను, సేవకునైనను ఏకవచనముతోనే పిలిచి, దానికై శిక్షలనుభవించిరి. తెలంగాణపు పల్లెలలో దొరను బహువచనముతో గౌరవించుచు, తన్ను ‘బాంచను’ అని చెప్పుకొనిన కూలివాని స్థితిని తలచినచో, వచనభేదమున నెంత యన్యాయము దాగియుండునో తెలియగలదు.

మిత్రసమాజమువారు 19వ శతాబ్దమునుండి హోషంగాబాదు ప్రాంతమున పనిచేసిరి. అచటి రసూలియా గ్రామకేంద్రమున సేవచేసిన డొనాల్డు గ్రూము పిమ్మట వినోబాతోకూడ పాదయాత్ర సాగించెను. 1928లో మద్రాసునకు ఉపాధ్యాయినిగా వచ్చిన మార్జొరీ సైక్సు తరువాత నీ సమాజమున చేరి, సేవాగ్రామమున నయీ తాలీం ఉపాధ్యాయులకు శిక్షణ మొసగెను. 1947లో శాంతికి నోబెలు బహుమానము బ్రిటిషు, అమెరికను క్వేకరు సేవాసంస్థలకు లభించెను.

ఇచట దానశబ్దము విచార్యము. తన స్వత్వమును విడిచి పరునకు స్వత్వము కలిగించుట దానమని శాస్త్రకారుల నిర్ణయము. అందు దాత కర్త, గ్రహీత సంప్రదానము. కర్తకే స్వాతంత్ర్యము, సంప్రదానమునకు నిరీక్షణము. వినోబా శంకరభగవత్పాదుల వ్యాఖ్య ననుసరించి దానమునకు సంవిభాగమని యర్థము చెప్పెను. ఐదుగురు కుమారులున్న యింట తన్ను ఆరవవానిగా నెంచి భాగ మిమ్మని కోరెను. దానము పొందినవాడు కృతజ్ఞుడు. భాగము పొందినవాడు హక్కుదారు. ఈ భేదము చిన్నది కాదు.

అయినను శబ్దము మారినంతనే వస్తువు మారదు. భూదానమున వచ్చిన భూములలో కొన్ని రాళ్లనేలలు, కొన్ని వ్యాజ్యములలోనివి. కొన్ని పంపకమునకే నోచుకొనలేదు. వీని నిర్వహణమునకై 1965లో ఆంధ్రప్రదేశమున శాసనమే చేయవలసివచ్చెను. ఇందులకు భూదానమును మాత్రమే నిందించుట తగదు. క్వేకరుల చరిత్రమే సాక్ష్యము. 1688లో పెన్సిల్వేనియాలోని జర్మన్‌టౌనున కొందరు మిత్రులు బానిసత్వమును వ్రాతమూలమున ఖండించిరి. ఆ సమాజములోనే బానిసల నుంచుకొనినవారుండిరి. ఫిలడెల్ఫియా వార్షికసభ తన సభ్యుల కది నిషేధించుటకు 1776 వరకు, అనగా 88 సంవత్సరములు పట్టెను. ఆ నడుమ కొందరు ఇంటింటికి పోయి, తమవారినే యడుగుట మానలేదు.

మాటకును చేతకును గల దూరమును కాలము తనంత తాను తగ్గింపదు. విడువక యడుగువారు తగ్గింతురు. గజము లెక్కను నేల నమ్ముకొను త్రోవలో శివరామపల్లి పేరు స్మరింపదగినదగుట కిదియే హేతువు.