కంటి నడక చెప్పే మెదడు గాయం

తలకు దెబ్బ తగిలిన వాని కంటిని పరీక్షించుట వైద్యులకు అనాదిగా వచ్చిన ఆచారము. క్రీస్తుపూర్వం 1600 ప్రాంతమున ఈజిప్టులో వ్రాసిన ఒక వైద్యగ్రంథంలో, పైచర్మం చిట్లకుండానే పుర్రె పగిలిన రోగికి దెబ్బ తగిలిన వైపు కన్ను వంకర తిరుగునని ఉన్నది. ఆ పపైరస్ చుట్టను 1862లో లక్సర్ పట్టణంలో కొన్న ఎడ్విన్ స్మిత్ పేరే దానికి నిలిచిపోయినది.

అయితే చూచుట వేరు, కొలుచుట వేరు. చదివేటప్పుడు చూపు సాఫీగా జారక, గెంతుతూ ఆగుతూ సాగునని 1879 నాటికి పారిస్‌లో ఎమీల్ జవాల్ అనే నేత్రవైద్యుని ప్రయోగశాలలో తేలినది. అమెరికాలో ఎడ్మండ్ హ్యూయీ కంటికి మత్తుమందు వేసి, దానిపై చిన్న ప్లాస్టరు గిన్నె అమర్చి, దానికి అల్యూమినియం ములికి తగిలించి, ఆ గెంతులను మసి కాగితంపై గీయించి 1898లో ప్రకటించినాడు. 1901లో రేమండ్ డాడ్జ్, థామస్ క్లైన్‌లు కంటిని తాకకుండానే, దానిపై మెరిసే వెలుగును ఫోటో పలకపై పట్టినారు. 1908లో డాడ్జ్, డీఫెండార్ఫ్ అనే వైద్యునితో కలిసి మానసిక రోగుల చూపులను అట్లే చిత్రించినాడు. చదువరుల కోసం పుట్టిన పనిముట్టు ఆనాడు రోగుల చెంతకు చేరినది.

మరుసటి ఏడు బుడాపెస్ట్ వైద్యుడు రెజో బాలింట్ ఒక వింత రోగిని వర్ణించినాడు. అతని కంటి కండరములు బాగుగానే ఉన్నవి. కాని మెదడు రెండు ప్రక్కలా చెడినందున చూపు ఒక వస్తువును అంటుకొని ఇంకొకదానికి కదలదు. చూపును నడిపే దారులు మెదడు ముందుభాగం మొదలు చిన్నమెదడు, మెదడు కాండం వరకు వ్యాపించి యున్నవి. ఎక్కడ దెబ్బ తగిలినా నడక తడబడవచ్చును.

1971లో లండన్‌లో తొలి రోగికి సి.టి. స్కాన్ తీసినారు. రక్తస్రావం, ఎముక విరుగుట కంటికి కనబడసాగినవి. కాని మెదడు అదిరిన రోగికి తల తిరుగుచున్నా, అక్షరములు నిలువకున్నా, స్కానులో తరచు ఏమీ కనబడదు. అట్టి వానిని “నటిస్తున్నాడు” అనుటకు లోకం వెనుదీయదు. ఇట్టి వారి పరీక్షకై ఒక యంత్రమునకు 2018 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ అనుమతి నిచ్చినది. రోగి కొద్ది నిమిషాలు తెరపై కదిలే చిత్రం చూచుచుండగా, కెమెరా రెండు కళ్ళ నడకను లెక్కకట్టును.

అనుమతి సహాయ సాధనంగా మాత్రమే. నిద్రలేమి, మద్యం, మెల్లకన్ను కూడ చూపును తడబరచును. లోపలి రక్తస్రావమును కనుగొనుటకు స్కానే శరణ్యం. యంత్రం సాక్షి, తీర్పరి వైద్యుడే. అయినా, పైకి గాయం లేనందున ఎవరూ నమ్మని రోగికి ఒక సాక్షి దొరకుట స్వల్ప విషయం కాదు.