సున్నం తీర్చే అప్పు

నిప్పు మీద నీళ్లు చల్లితే ఆరిపోతుంది. పొడిసున్నం మీద చల్లితే కుతకుతలాడుతుంది. సంక్రాంతి ముందు వెల్ల వేయడానికి పెరట్లో సున్నం నానబెట్టిన ఇళ్లలో పెరిగినవారికి ఈ వింత కొత్త కాదు. చల్లటి గడ్డల మీద చల్లటి నీళ్లు పోయగానే సుయ్యిమని ఆవిరి, ‘పిల్లలూ, దూరం జరగండి’ అని పెద్దల కేక. కింద పొయ్యి లేదు, కట్టె లేదు. మరి ఆ వేడి ఎక్కడిది?

పద్దెనిమిదో శతాబ్దపు ఐరోపాలో దీనికో జవాబు చెప్పుకునేవారు. బట్టీలో కాలేటప్పుడు నిప్పు కణాలు రాతిలోకి దూరతాయట, నీళ్లు తగలగానే బయటపడతాయట. సున్నానికి నోరు పొక్కించే గుణం కూడా వాటివల్లే వచ్చిందట. ఎడిన్‌బరోలో వైద్యం చదువుతున్న జోసెఫ్ బ్లాక్ ఈ మాటను త్రాసులో పెట్టి చూశాడు. నిజానికి ఆయన వెతికింది మూత్రాశయంలోని రాళ్లు కరిగించే మందు కోసం. ఏ సున్నపు తేట మంచిదన్న దాని మీద వైట్, ఆల్‌స్టన్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు అక్కడ అప్పటికే తగువు పడుతున్నారు. ఆంబోతులు కుమ్ములాడుకుంటే విరిగేది లేగల కాళ్లే కదా! బ్లాక్ మెగ్నీషియా వైపు జరిగాడు. అక్కడి నుంచి చుట్టు తిరిగి మళ్లీ సున్నానికే వచ్చాడు. 1754లో సిద్ధాంత వ్యాసం రాశాడు, 1756లో దాన్ని పెంచి ప్రచురించాడు.

ఏదో లోపలికి దూరితే బరువు పెరగాలి. ఇక్కడ తగ్గింది. ఇవాళ్టి లెక్కలో వంద గ్రాముల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే మిగిలేది 56 గ్రాములే. పోయిన 44 గ్రాములూ గాలి, మనం కార్బన్ డయాక్సైడ్ అంటున్నదే. దాంతో నిప్పు కణాలకు చోటు లేకుండా పోయింది.

నాకు మాత్రం ఆ పాతవాళ్లు పూర్తిగా పొరబడ్డారనిపించదు. సుమారు 900 డిగ్రీల బట్టీలో రాతి నుంచి గాలిని విడదీయాలంటే, ఆ వంద గ్రాములకు 178 కిలోజౌళ్ల వేడి పెట్టుబడి పెట్టాలి. పాఠ్యపుస్తకం దీన్ని ఉష్ణగ్రాహక చర్య అంటుంది. కణాలేవీ చేరలేదు గానీ, పుచ్చుకున్న వేడి లెక్క మిగిలే ఉంది. నీళ్లు పోసినప్పుడు 65 కిలోజౌళ్లు తిరిగొస్తాయి. ఇది ఉష్ణమోచక చర్య. కిలో పొడిసున్నం ఇలా వదిలే వేడితో మూడు లీటర్ల పైచిలుకు నీళ్లు మరిగించవచ్చు.

మిగతా 113? గోడకెక్కిన వెల్ల గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్లీ రాయవుతూ వాటినీ వదిలేస్తుంది. కాకపోతే రోజుల తరబడి, నెలల తరబడి. అందుకే గోడ మీద చెయ్యి ఆనిస్తే వెచ్చగా తగలదు. 65, 113 కలిపితే 178. అసలు తీరిపోయింది, వడ్డీ లేదు.

ఈ పద్దు రాయడం మొదలైంది 1782–83 చలికాలంలో, పారిస్‌లో. మంచు నింపిన పాత్ర నడుమ చర్య జరిపించి, కరిగి కారిన నీటిని తూచి లావోసియే, లాప్లాస్ వేడిని కొలిచారు. మంచు కరగడానికి ఎంత వేడి తాగుతుందో గ్లాస్గోలో తేల్చినవాడూ మన బ్లాకే. విడదీయడానికి పట్టిన వేడీ, కలిసేటప్పుడు వచ్చే వేడీ సమానమని వాళ్లన్నారు. 1840లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో హెస్ ఇంకో అడుగు వేశాడు: దారిలో ఎన్ని మజిలీలున్నా మొత్తం వేడి మారదు. ఉష్ణమోచకం, ఉష్ణగ్రాహకం అని మనం అనువదించుకున్న మాటలు తరవాత ఫ్రాన్స్‌లో బెర్తెలో పెట్టినవి.

పల్నాడులో పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరు. అక్కడ నిప్పు పెట్టి తెచ్చిన అప్పు మన పెరళ్లలో, గోడల మీద తీరుతుంది. పల్చటి వెల్లయితే త్వరగానే తీరుస్తుంది. మందపాటి పాత కట్టడాల్లో గాలి లోపలిదాకా చేరడమే కష్టం, నడిమి సున్నం వందల ఏళ్లయినా పూర్తిగా రాయి కాకపోవచ్చు. 1591 నాటి చార్మినార్ కూడా సున్నంతో కట్టిందే.