మా గూడు బండి, వాడి ట్రైలరు

సంక్రాంతికి ముందు ఒక ఆదివారం పొద్దున అరిజోనా నుంచి మా అబ్బాయి వీడియో కాల్ చేశాడు. వాళ్ళకది శనివారం రాత్రి. ఫోను అటూ ఇటూ తిప్పుతూ ఒక పాత ట్రైలరు చూపించాడు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ఇల్లన్నమాట. ఎవరో ఏళ్ళ తరబడి పెరట్లో వదిలేస్తే తక్కువ ధరకి కొన్నాడట. నేల చెక్కంతా చెమ్మకి పుచ్చిపోతే పీకేసి కొత్త ప్లైవుడ్ వేశాడు. కప్పు అతుకుల్లోంచి నీళ్ళు కారకుండా పూత పూశాడు. పైన సోలార్ పలకలు, లోపల బ్యాటరీ, మంచం కింద నీళ్ళ ట్యాంకు పెట్టాడు. కరెంటు తీగ, కొళాయి లేని ఎడారిలోకి పోయి నాలుగు రోజులు ఉండి రావడానికట ఇదంతా! అక్కడి ప్రభుత్వ భూముల్లో మామూలుగా పద్నాలుగు రోజుల దాకా దిగొచ్చట. నీళ్ళు వెంట తీసుకుపోవాలి, చెత్త వెంట తెచ్చేసుకోవాలి.

మా అత్తమ్మ కళ్ళజోడు సర్దుకుని అంతా చూసింది. ఆమెకి ఎనభై నాలుగేళ్ళు. "మన గూడు బండే గదరా ఇది! ఎద్దులు లేవంతే" అంది.

మేమందరం నవ్వాం. కానీ ఆ మాట నా బుర్రలో ఉండిపోయింది.

మా తర్లుపాడు ఇంటి కొట్టంలో నిజంగానే ఒక గూడు బండి ఉంది. మా మామగారి నాన్న చేయించింది. ఎప్పుడు చూసినా దాని మీద కోళ్ళ గంపలు, పాత గోతాలు ఉండేవి. రెండేళ్ళ క్రితం ఒకాయన వచ్చి చక్రాలు రెండూ కొంటానన్నాడు. రోడ్డు పక్క హోటలు ముందు నిలబెడతారట. మా ఆయన సరే అనబోయాడు. అత్తమ్మ ఒప్పుకోలేదు. పోనీ బాగు చేయిద్దామంటే దానికీ ఊఁ అనలేదు. ముసలివాళ్ళ పట్టుదల అనుకుని ఊరుకున్నాం.

ఈసారి నేను పట్టు పట్టాను. ఎండాకాలం సెలవులకి అబ్బాయి, కోడలు, రెండేళ్ళ మనవరాలు వస్తున్నారు. వాళ్ళు వచ్చేలోపు బండి లేచి నిలబడాలి. అత్తమ్మ చాలాసేపు మాట్లాడకుండా ఉండి, చివరికి "మీ ఇష్టం" అంది.

బాగు చేయించాలంటే ముందు దాని సంగతి తెలియాలిగా. పక్క ఊరి నుంచి పెద్ద వడ్రంగి ఒకాయన్ని పిలిపించాం. చక్రం ముందు కూర్చోబెట్టి చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. మధ్యలో ఉన్నది కుండ. కుండలోంచి బయటికి పన్నెండు ఆకులు. ఆకుల చివర ఆరు పూటీలు, ఒక్కో పూటీకి రెండేసి ఆకులు. అన్నిటినీ కలిపి బిగించేది పైన ఉన్న ఇనుప పట్టా. రెండు కుండల్లోకి దూరేది ఇరుసు, చక్రం ఊడిపోకుండా ఆపేది చీల. చక్రానికి నల్లతుమ్మ మంచిదట. దెబ్బకి ఓర్చుకుంటుంది, త్వరగా పగలదు. గూడు మాత్రం వెదురు బద్దలు వంచి కట్టి, పైన చాప కప్పినది. చక్రానికి ఎంత బరువైనా ఫరవాలేదు కానీ గూడు తేలిగ్గా ఉండాలి, లేకపోతే ఎద్దుల మెడ మీద పడుతుందన్నాడు. మా అబ్బాయి కూడా ఆ మాటే అన్నాడు, ట్రైలరు బరువు ముందుకి ఎక్కువైతే కారుకి, వెనక్కి ఎక్కువైతే ఊగిపోతుందని!

బండి మనకి ఎంత పాతదంటే, హరప్పా, మొహెంజొదారో తవ్వకాల్లో మట్టితో చేసిన బొమ్మ బండ్లు దొరికాయి. నాలుగువేల ఏళ్ళు దాటినవి. వాటి ఒడ్డూ పొడుగూ చూస్తే మన పల్లె బండికి ముత్తాతల్లాగే ఉంటాయి.

బండిలో ఉంటూ సరదాకి ఊళ్ళు తిరగడం మాత్రం మరీ కొత్త. ఇంగ్లండులో గోర్డన్ స్టేబుల్స్ అనే నౌకాదళ వైద్యుడు 1885లో విహారం కోసమే ఒక గుర్రపు బండి ఇల్లు చేయించుకున్నాడు. దానికి 'వాండరర్' అని పేరు పెట్టాడు. అలాంటివాళ్ళంతా కలిసి 1907లో కారవాన్ క్లబ్బు పెట్టుకున్నారు. మా అబ్బాయి ట్రైలరు ఆ వంశానిదే.

మనవాళ్ళ ప్రయాణం అలా సరదాది కాదు. 1830 మే 18న ఏనుగుల వీరాస్వామయ్య గారు మద్రాసు నుంచి కాశీకి బయలుదేరారు. సుప్రీం కోర్టులో దుబాసీ ఉద్యోగం చేసినాయన. సుమారు వంద మంది పరివారం, డేరాలు, పల్లకీ మోసే బోయీలు వెంట ఉన్నారు. కడప మీదుగా అహోబిలం, అక్కణ్ణుంచి నల్లమలలో శ్రీశైలం చూసుకుని వెళ్ళారు. తిరిగి మద్రాసు చేరేసరికి 1831 సెప్టెంబరు 3. దారిలో స్నేహితుడికి రాసిన సంగతులే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. ఏ మజిలీలో నీళ్ళు బాగుంటాయి, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, ఎక్కడ దారి రాళ్ళమయం అని ఓపిగ్గా రాసుకున్నారాయన. కరెంటూ కొళాయీ లేని చోట ఎలా బతకాలో చెప్పే పుస్తకం ఇంతకంటే ఏముంటుంది అనిపించింది నాకు.

వంద మంది పరివారం లేనివాళ్ళకి గూడు బండే డేరా, పల్లకీ, వంటిల్లు. అత్తమ్మ పెళ్ళయి వచ్చిన కొత్తలో శివరాత్రికి త్రిపురాంతకం పోయేవాళ్ళట. శ్రీశైలానికి తూర్పు ద్వారం అంటారే, ఆ త్రిపురాంతకం. లోపల ఎండుగడ్డి పరిచి పైన బొంత, ఆడవాళ్ళూ పిల్లలూ దాని మీద. బండి కింద గోనెపట్టా వేలాడగట్టి ఎద్దులకి మేత. వెనక ఇత్తడి బిందెలో నీళ్ళు. రాత్రికి బావి ఉన్న చోట బండి విప్పి, మూడు రాళ్ళు పెట్టి సంగటి చేసుకునేవాళ్ళు. మగవాళ్ళు బండి కింద పడుకునేవాళ్ళు. మార్కాపురం చెన్నకేశవస్వామి తిరునాళ్ళకైతే ఇలాంటి బండ్లు వరసగా పోతుంటే ఊరే కదిలిపోతున్నట్టు ఉండేదట.

మా ప్రాంతంలో బండి ఎంత ముఖ్యమో కరువు చూపించింది. 1876 నుంచి 1878 దాకా వచ్చిన కరువుని పెద్దవాళ్ళు ధాత కరువు అంటారు. అప్పుడు మేము కర్నూలు జిల్లా కింద ఉండేవాళ్ళం, 1970 దాకా అంతే. గడ్డి లేక ఎద్దులు చస్తే, గింజలున్న చోటు నుంచి లేని చోటికి తోలే బండ్లే ఆగిపోయాయి. కరువు ప్రాంతాలకి రైళ్ళు వెయ్యాలని 1880లో కరువు కమిషను చెప్పింది. ఆ దశాబ్దంలోనే నల్లమలని తొలుచుకుంటూ మీటరుగేజి లైను పడింది. గిద్దలూరు, కంభం, తర్లుపాడు, మార్కాపురం మీదుగా గుంటూరు వైపు పోయే లైను అదే. అడవిలో దొరబావి లోయ మీద కట్టిన ఎత్తైన వంతెన ఆ రోజుల్లో పెద్ద వింత. 1990లలో బ్రాడుగేజి వచ్చాక అది మూలపడింది.

రైలొచ్చినా బండి పోలేదు. స్టేషను దాకా పోవాలన్నా, స్టేషను నుంచి ఇంటికి రావాలన్నా బండే. ట్రాక్టరు, ఆటో వచ్చాకే మా బండి కొట్టంలోకి పోయింది.

ఇక పని మొదలైంది. పాత చక్రంలో రెండు పూటీలు, మూడు ఆకులు పనికిరావన్నాడు వడ్రంగి. అవి చెక్కడానికి వారం పట్టింది. పట్టా వేసే రోజు వీధంతా చూడ్డానికి వచ్చింది. పట్టా చుట్టుకొలత చక్రం కంటే కాస్త తక్కువే ఉంటుంది. దాన్ని పిడకల మంటలో ఎర్రగా కాలిస్తే సాగుతుంది. ముగ్గురు పటకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి సుత్తులతో కొట్టి దించారు. చెక్క భగ్గుమంది. వెంటనే బిందెలతో నీళ్ళు. పట్టా చల్లబడి ముడుచుకుంటుంటే పూటీలూ ఆకులూ టపటపమని కుండలోకి బిగుసుకున్నాయి. ఒక్క మేకు లేదు, బంక లేదు. నేను వీడియో తీసి అబ్బాయికి పంపి, "మన వాళ్ళు ఇవన్నీ ఎప్పుడో చేశారు నాయనా" అని గొప్పగా మెసేజి పెట్టాను.

తర్వాత గూడు పని. పాత వెదురు విప్పుతుంటే నడిమి దూలానికి తుప్పు పట్టిన ఇనుప కొక్కెం ఒకటి కనబడింది. "తీసేద్దామామ్మా?" అన్నాడు వడ్రంగి. నేను తీసెయ్యమన్నాను.

అరుగు మీద కూర్చున్న అత్తమ్మ "ఉండనీ" అని గట్టిగా అరిచింది. ఆమె గొంతు అలా ఎప్పుడూ వినలేదు.

ఆ రాత్రి పక్కలు వేస్తుంటే ఆమే మొదలుపెట్టింది.

"నీకు పెద్దాడబిడ్డ ఒకతి ఉండేది అమ్మాయ్."

ముప్ఫై అయిదేళ్ళు దాటింది నేను ఈ ఇంటికొచ్చి. ఎప్పుడూ వినలేదు. పేరు చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయను.

"రెండేళ్ళు నిండినాయి. శ్రావణంలో జొరం. మూడో రోజుకి ఫిట్లొచ్చినాయి. మార్కాపురం పోదామని రాత్రికి రాత్రి మీ మామ బండి కట్టినాడు. కుదుపు తగలగూడదని ఆ కొక్కేనికే చీరతో ఉయ్యాల కట్టినా. వాగు కాడికి పొయ్యేసరికి ఎర్రనీళ్ళు దొర్లుతుండాయి. ఎద్దులు దిగలా. లాంతరు పెట్టుకోని ఒడ్డునే కూచున్నాం. తెల్లారుజామున వాగు తీసింది. అప్పటికింక తొందర లేదు."

నాకు నోట మాట రాలేదు. ఇన్నాళ్ళూ నేను బండి అంటే తిరునాళ్ళూ పాటలూ అనుకున్నాను. అబ్బాయికి పంపిన మెసేజి గుర్తొచ్చి సిగ్గేసింది. వాడు కరెంటూ నీళ్ళూ డాక్టరూ ఉన్న ఊరు వదిలి, లేని చోటికి కోరి పోతున్నాడు. నాలుగో రోజు వెనక్కి వచ్చేస్తాడు. అత్తమ్మకి వెనక్కి రావడానికి వేరే ఊరు లేదు. రెండూ చూడ్డానికి ఒకటే, అయినా ఒకటి కావు.

"పని ఆపించేద్దామా అత్తమ్మా?" అన్నాను.

"ఎందుకు? బండేం జేసింది? వంతెన లేదు, అంతే. మీ ఆయన గూడా ఆ ఉయ్యాల్లో పండుకున్నోడే. అమ్మితే ఎవురో ఆ కొక్కెం పీకేస్తారని ఒద్దన్యా. బాగు చేస్తే వడ్లాయన పీకుతాడని ఒద్దన్యా. అది ఉంటే చాలు."

కొక్కేనికి తుప్పు గీకించాం, అంతే. కొత్తది వెయ్యలేదు.

శివరాత్రి తెల్లారి పక్కింటివాళ్ళ ఒంగోలు ఎద్దుల జత అడిగి బండి కట్టాం. త్రిపురాంతకం దాకా ఇప్పుడు బండి మీద పోలేం, దారంతా లారీలే. వాగు దాకా పోదామంది అత్తమ్మ. నా పెళ్ళి నాటికే అక్కడ వంతెన ఉంది. వందసార్లు బస్సులో దాటుంటాను, కిందకి ఎన్నడూ చూడలేదు. వంతెన మీద బండి ఆపమంది. వాగులో నీళ్ళు లేవు, ఇసకా చిల్లచెట్లూ. కాసేపు చూసి "పోనీ" అంది మా ఆయనతో. ఆ రాత్రి మా చేలో బండి విప్పి, మూడు రాళ్ళు పెట్టి సంగటి చేశాను. లాంతరు వెలుగులో ఆమె ఆ కొక్కెం కిందే పడుకుని నిద్రపోయింది.

అబ్బాయికి అంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు వాడు. తర్వాతి వారం ఫోను చేసి, పాపని తీసుకుని ఎడారికి పోతున్నామని చెప్పాడు. ఫోను సిగ్నలు లేని చోట కూడా సాయం కోరగలిగే శాటిలైటు పరికరం కొన్నాడట. దిగే చోటికి దగ్గర్లో ఆసుపత్రి ఎన్ని మైళ్ళో, వానొస్తే ఏ వాగు అడ్డం పడుతుందో కాగితం మీద రాసుకున్నాడట.

"నాయనమ్మకి చెప్పమ్మా" అన్నాడు.

చెప్పాను. "ఊఁ" అంది.

మీ దొడ్లో కూడా పాత బండి చక్రమో, తొట్టి ఉయ్యాలో ఉండే ఉంటుంది. దాన్ని అమ్మేముందు, బాగు చేయించేముందు కూడా, ఇంట్లో పెద్దవాళ్ళ పక్కన ఒక్క రాత్రి కూర్చోండి.