ఫిషరింగ్ జలదుర్గం: బిషప్ పాలనా సాధనం నుంచి డ్రోస్టెల నివాసం దాకా

1271లో, ఇప్పటి జర్మనీలోని మ్యూన్‌స్టర్ బిషప్ గెర్హార్డ్ ఫాన్ డెర్ మార్క్ లూడింగ్‌హౌజెన్ ఊరి పక్కన, స్టేవర్ నది తడినేలలో ఫిషరింగ్ కోట కట్టించాడు. ఆ ఊరికి అప్పటికే కోట ఉంది. అది లూడింగ్‌హౌజెన్ వీరయోధ వంశానిది. వాళ్ళు వెర్డెన్ మఠానికి సామంతులు. బిషప్ చుట్టుపక్కల నేలంతా తన ఏలుబడిలోకి తెచ్చుకునే ప్రయత్నంలో ఉన్నాడు కనుక, ఆ వంశం ఆయనకు అడ్డు. అందుకే కొత్త కోట పాత కోటకు నడిచి వెళ్ళేంత దగ్గరలో లేచింది. శత్రువు ఎక్కడి నుంచో దండెత్తి వస్తాడన్న భయంతో కట్టింది కాదిది. ఇరుగుపొరుగున ఉన్న ప్రబలులను అదుపులో పెట్టడానికి కట్టింది. ఫిషరింగ్‌ను వీరగాథల చిరునామాగా కాక పాలనా సాధనంగా చూసినప్పుడే దాని చరిత్ర బోధపడుతుందని ఈ వ్యాసం వాదన.

బిషప్ అంటే ఇక్కడ మతగురువు మాత్రమే కాదు, పన్నులు వేసి, తీర్పులు చెప్పి, సైన్యం నడిపే పాలకుడు కూడా. కోటను ఆయన ఆల్బర్ట్ ఫాన్ వుల్ఫ్‌హైమ్‌కు అప్పగించాడు. ఆల్బర్ట్ బిషప్ కొలువులో ‘డ్రోస్టె’, అంటే ఆస్థాన వ్యవహారాలు చూసే ఉన్నతోద్యోగి. ఆ పదవి వంశపారంపర్యమై ఇంటిపేరుగా నిలిచింది. డ్రోస్టె త్సు ఫిషరింగ్ కుటుంబం అలా స్థిరపడింది. 15వ శతాబ్దంలో లూడింగ్‌హౌజెన్ వంశం అంతరించింది. ఏ అవసరం కోసం కోట పుట్టిందో అది తీరిపోయినా, అప్పటికి కోట డ్రోస్టెల సొంతిల్లయింది.

మ్యూన్‌స్టర్ చుట్టూ ఉన్న మ్యూన్‌స్టర్‌లాండ్‌లో ఎటు చూసినా చదును నేల. ఎక్కి కూర్చోవడానికి గుట్ట లేదు, తవ్వితే మాత్రం నీరు. అందుకే ఈ ప్రాంతపు ప్రభువులు అగడ్తనే నమ్ముకున్నారు. ఫిషరింగ్ రెండు దీవుల మీద ఉంది. బయటి దీవిలో కొట్టాలు, ధాన్యం, పనివాళ్ళ గదులు. లోపలి దీవిలో ప్రభువు నివాసం. స్టేవర్ నీటిని కట్టలతో మళ్ళించి అగడ్తలు నింపారు. వంతెన దాటి బయటి దీవిలోకి, అక్కణ్ణుంచి మరో వంతెన దాటితేనే ప్రధాన కోటలోకి ప్రవేశం. ప్రధాన కోట గుండ్రటి ప్రాకారం. నివాసాలన్నీ ఆ గోడకు లోపలివైపు చేరగిలబడి, నడుమ చిన్న ముంగిలి మిగిల్చాయి.

ఇలాంటి మెత్తని నేలలో కోటలకు ఓక్ దుంగలను నిలువుగా దిగగొట్టి వాటి మీద పునాదులు లేపడం ఆ ప్రాంతపు పద్ధతి. నీటిలో మునిగి ఉన్నంతకాలం ఓక్ చెక్క శతాబ్దాలు నిలుస్తుంది. నీటిమట్టం తగ్గి గాలి తగిలితే కుళ్ళడం మొదలవుతుంది. అగడ్త శత్రువును ఆపడానికే అనుకుంటే సగమే తెలిసినట్టు. శత్రువులెవరూ మిగలని రోజుల్లోనూ ఇలాంటి కోటల్లో నీటి సంరక్షణ మానడానికి వీల్లేదు.

1495లోనే పవిత్ర రోమన్ సామ్రాజ్య సభ ప్రభువుల మధ్య సొంత కక్షల పోరాటాలను శాశ్వతంగా నిషేధించింది. చట్టం పల్లెదాకా ఎంత నెమ్మదిగా చేరిందో చెప్పే సాక్ష్యం కోట మ్యూజియంలో ఉంది. అది ఇనుప కంటె. లోపలి అంచున ముళ్ళు. 1520లో, సమీపంలోని కాకెస్‌బెక్ కోట ప్రభువు లాంబర్ట్ ఫాన్ ఓర్‌ను అతని ప్రత్యర్థి గోడ్డర్ట్ ఫాన్ హార్మెన్ మాటువేసి పట్టుకుని మెడకు దీన్ని బిగించాడు. మ్యూన్‌స్టర్ కమ్మరి చేతిలో గాని అతనికి విముక్తి దొరకలేదు. నిషేధం వచ్చి పాతికేళ్ళయినా ఒక ప్రభువు మెడ మీద ఇంత జరగగలిగిందంటే, అగడ్త వెనక బతకడం అప్పటికింకా ఆడంబరం కాదు, అవసరం.

ఆ మరుసటి ఏడాదే, 1521లో, కోట తగలబడింది. మళ్ళీ కట్టినవాళ్ళు పాత పునాదులనూ, గుండ్రటి గోడనూ వదల్లేదు. నా దృష్టిలో ఫిషరింగ్‌కున్న విలువంతా ఈ నిర్ణయంలోనే ఉంది. రినైసాన్స్ అభిరుచి సమకోణాలను, సౌష్ఠవాన్ని కోరుతుంది. ఇక్కడది మధ్యయుగపు వంపులో ఇమడాల్సి వచ్చింది. రక్షణ కోసం మూసి ఉంచిన గోడలోనే వెడల్పాటి కిటికీలు తెరిచారు. 1620ల తొలినాళ్ళలో నీటి మీదకు పొడుచుకొచ్చేలా అలంకృతమైన కిటికీ గది ఒకటి జోడించారు. అప్పటికి ముప్పైయేళ్ళ యుద్ధం మొదలైపోయింది. అలాంటి కాలంలో గోడకు అందం చెక్కించారంటే, ఆ గోడ ఇక యుద్ధానికి పనికొస్తుందని డ్రోస్టెలు అనుకోలేదన్నమాట.

1680లో కుటుంబం డార్ఫెల్డ్ కోట కొని అటు తరలింది. ఫిషరింగ్ ముఖ్య నివాసం హోదా పోగొట్టుకుంది. దీన్ని క్షీణతగా చూడనక్కర్లేదు. దగ్గర్లోని నోర్డ్‌కిర్షెన్‌ను చూస్తే సంగతి తెలుస్తుంది: అక్కడి పాత జలదుర్గాన్ని 1694లో మ్యూన్‌స్టర్ బిషప్ ప్లెట్టెన్‌బర్గ్ కొని, 1703 నుంచి దాన్ని తొలగించి బరోక్ మహలు కట్టించడం ప్రారంభించాడు. డబ్బూ హోదా ఉన్న యజమాని ఫిషరింగ్‌లోనే ఉండి ఉంటే దానికీ అదే గతి పట్టే అవకాశం ఎక్కువ. డ్రోస్టెల కొత్త వైభవం డార్ఫెల్డ్‌కూ, 1750లలో వాస్తుశిల్పి ష్లౌన్ మ్యూన్‌స్టర్‌లో కట్టిన నగర భవనానికీ పోయింది. ఫిషరింగ్‌ను తిరగ్గట్టాల్సిన పని ఎవరికీ పడలేదు. 1972లో మ్యూన్‌స్టర్‌లాండ్ చరిత్ర మ్యూజియంగా మారేనాటికి గుండ్రటి ప్రాకారం, రెండు దీవులు, వాటి చుట్టూ నీరు దాదాపు చెక్కుచెదరకుండా ఉన్నాయి.