పుస్తకానికెక్కని టెంక అంబలి

అమ్మమ్మ చేతిరాతతో ఉన్న వంటల పుస్తకాన్ని తరతరాలుగా దాచుకునే కుటుంబాలున్నాయి. మన కొండరెడ్డి, కోయ ఇళ్లలో వెతికితే అలాంటిది దొరకడం కష్టం. అంతమాత్రాన మన వంటకు చరిత్ర లేదని కాదు. అది అవ్వల చేతుల్లో ఉంది.

మన జీవితాన్ని పుస్తకానికెక్కించినవారు లేకపోలేదు. ఆస్ట్రియా దేశస్థుడు హైమెన్‌డార్ఫ్ పాపికొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగి, 1945లో ఇంగ్లీషులో ఒక పెద్ద గ్రంథం ప్రచురించాడు. పోడు గురించీ, జీలుగు చెట్టు గురించీ అందులో చదవొచ్చు. అయితే ఆయన రాసింది వంటల పుస్తకం కాదు. అది పక్కన పెట్టుకుని టెంక అంబలి కాచలేం.

మామిడి కొత్త పండుగ చేసి, దేవతకు పెట్టాకే మనం పండు ముడతాం. తిన్నాక టెంక పారెయ్యం. బాగా ఎండబెట్టి, పగలగొట్టి, లోపలి జీడి తీసి దంచుతారు. ఆ పిండిని గుడ్డలోనో బుట్టలోనో వేసి పారే వాగునీటిలో ఉంచుతారు, వగరు పోవాలి కదా. ఎంతసేపంటే గడియారం లెక్క లేదు. చిటికెడు నాలుక మీద వేసుకుని అవ్వ చెబుతుంది. ఆ తర్వాత అంబలి కాస్తారు, లేదా ఆకులో చుట్టి నిప్పుల మీద రొట్టె కాలుస్తారు. వానాకాలంలో గింజలు అయిపోయి, పోడు పంట ఇంకా చేతికి రాని రోజుల్లో కడుపు నింపినవి ఇవే. అడవి దుంపలు, జీలుగు పిండి కూడా ఆ రోజుల తిండే. కరువు తిండి అని కొందరు నవ్వుతారు. మాకైతే సిగ్గుపడాల్సింది ఏమీ కనపడదు.

ఈ వంటలో ఏ పని వదిలేసినా ప్రమాదమే. 2001లో ఒడిశాలోని కాశీపూర్ ప్రాంతంలో టెంక జావ తాగిన ఆదివాసీలు చనిపోయారు. బూజు పట్టిన టెంకలే కారణమని అధికారులు అన్నారు. ఆకలే కారణమని మరికొందరు వాదించారు. ధాన్యం ఉన్న ఇంట్లో బూజు టెంకను ఎవరు వండుతారు?

ఇప్పుడు పోలవరం ముంపు ఊళ్ల నుంచి కాలనీలకు చేరినవాళ్లలో అందరికీ పక్కన వాగు లేదు, మామిడి చెట్లు లేవు. చెయ్యని వంట చేతికి త్వరగా దూరమవుతుంది.

అందుకే ఫోనులో వీడియో తీసేటప్పుడు వంట పేరు దగ్గరే ఆగకండి. ఏ చెట్టు కాయ, ఏ నెలలో ఏరాలి, ఎన్ని సోలలు, ఏ రుచి వచ్చాక నీటిలోంచి తియ్యాలి, అన్నీ అడగండి. చెప్పినవారు ఒప్పుకుంటే వారి పేరు, ఊరు కూడా రాయండి. రాసింది అవ్వకే చదివి వినిపించండి. తేడా ఉంటే అక్కడికక్కడే దిద్దుతుంది.