గూడూరు అభ్రకం, మెదకు అద్దాలు

గూడూరు అభ్రకాన్ని ఎగుమతి సరుకుగా మాత్రమే లెక్కవేస్తే, వెలుగుకు రంగు కట్టే కళతో ఆ రాతికి ఉన్న పాత చుట్టరికం మరుగున పడిపోతుంది. ఐరోపా ప్రార్థనాలయాలలో వికసించిన రంగుటద్దాల కళలో, కరుగుతున్న గాజులో కోబాల్టు కలిపి నీలాన్ని, రాగి కలిపి ఎరుపునో ఆకుపచ్చనో రప్పించి, ఆ ముక్కలను బొమ్మకు తగినట్లు కోసి, వాటి అంచులను సీసపు పట్టీలతో బిగిస్తారు. ముఖాల రేఖలను ఇనుప భస్మం కలిసిన రంగుతో గీసి కొలిమిలో కాలుస్తారు గనుక ఆ గీత గాజులో భాగమైపోయి శతాబ్దాలు నిలుస్తుంది.

గాజు పలకలు విరివిగా దొరకని కాలంలో వాటి స్థానాన్ని కొన్నిచోట్ల అభ్రకమే తీసుకుంది. పొరలుగా విడివడుతూ, వేడికి చెదరకుండా, వెలుతురును తన గుండా పోనిచ్చే ఈ ఖనిజాన్ని రష్యాలో కిటికీలకు బిగించేవారు; మన దేశంలో రంగులద్దిన అభ్రకపు రేకులను ఊరేగింపు లాంతర్లకు అమర్చేవారు. 19వ శతాబ్దంలో ముర్షిదాబాదు, పాట్నా, తిరుచిరాపల్లి చిత్రకారులు పలుచని అభ్రకపు రేకుల మీద వృత్తులవారి బొమ్మలు, ఉత్సవ దృశ్యాలు చిత్రించి ఇంగ్లీషువారికి అమ్మారు. ఒకే ముఖాన్ని అట్ట మీద గీసి, దానిపై వేర్వేరు వేషాలు చిత్రించిన రేకులను మార్చి మార్చి పరిచే అమరిక వీటిలో అన్నిటికంటే చమత్కారమైనది. అయితే నునుపైన రేకు మీద పైపైన నిలిచిన రంగు కాలక్రమంలో పెచ్చులుగా రాలిపోతుంది. కాల్చిన గాజుకు లేని ఈ బలహీనత వల్లనే ఆ చిత్రాలలో అనేకం చెడిపోయాయి.

గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి ప్రాంతాలలో, పెగ్మటైటు అనే ముతక స్ఫటికాల శిలల నడుమ పుస్తకాలవంటి దిమ్మెలుగా దొరికే అభ్రకం పెద్ద పరిశ్రమగా మారింది 19వ శతాబ్దం చివరలో. 1902లో భూగర్భ సర్వేక్షణ శాఖ ప్రచురించిన టి.హెచ్. హాలండ్ గ్రంథం భారతదేశపు అభ్రక నిక్షేపాలను సమగ్రంగా వర్ణించింది. బీహారు అభ్రకం ఎర్రని ఛాయకు పేరుపడగా, నెల్లూరు సీమది లేత ఆకుపచ్చ ఛాయకు పేరుపడింది. కానీ ఆనాటికి చిత్రకారుడి గిరాకీ తగ్గి, పొయ్యిల తలుపులకు, దీపాల చిమ్నీలకు, ఆ తరువాత విద్యుత్ పరికరాలకు అభ్రకం కావలసివచ్చింది. అందువల్ల గని నుంచి వచ్చిన దిమ్మెను కత్తితో పొరలుగా చీల్చి, మరకలను బట్టి, వైశాల్యాన్ని బట్టి వేరుచేసే నేర్పు, అలంకారానికి కాక యంత్రానికే ఊడిగం చేసింది. ఆ నేర్పును కూలిపనిగా మాత్రమే లెక్కకట్టడం అన్యాయం.

గూడూరుకు తూర్పున చిల్లకూరు, కోట మండలాల తీరభూములలోని తెల్లని సిలికా ఇసుక గాజు తయారీకి ముడిసరుకు. ఇసుకలో ఇనుము పాలు ఎక్కువైతే గాజుకు అనుకోని ఆకుపచ్చ ఛాయ పడుతుంది కనుక, తెల్లని ఇసుకకు అంత విలువ. అయినా తెలుగునేల మీద ప్రసిద్ధికెక్కిన రంగుటద్దాలు మెదకు చర్చిలో ఉన్నాయి, వాటి రూపకల్పన లండనుది. చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో నిర్మాణమై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ ఆలయానికి, ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన క్రీస్తు ఆరోహణ గవాక్షం 1927లోను, జననాన్ని చూపేది 1947లోను, సిలువ ఘట్టం 1958లోను అమరాయి. బయటి పగటి వెలుగే వాటికి ప్రాణం గనుక చీకటిపడ్డాక లోపలివారికి ఆ రంగులు కనిపించవు.

మెదకు అద్దాలకు సందర్శకులున్నారు, వాటి కర్తల పేర్లు నమోదయ్యాయి. గూడూరు సీమలో అభ్రకాన్ని చీల్చిన చేతులకు ఆ గౌరవం దక్కాలంటే, ఆ పని తెలిసిన పెద్దలు ఉండగానే వారి మాటలను, పనిముట్లను, రేకుల నమూనాలను గూడూరులోనే ఒకచోట భద్రపరచాలి.