మూటకట్టిన పనివాడు

హైటెక్ సిటీలో మా అబ్బాయి దగ్గరుండగా రక్తపరీక్ష చేయించుకోవలసి వచ్చింది. చీటీలో 'యూరియా' అని చూసి, "పొలంలో చల్లేది నా ఒంట్లోకెలా వచ్చిందిరా?" అన్నాను. వాడు నవ్వాడు. నవ్వాడు గాని, ఆ పరీక్ష వెనక ఓ గింజ కథ ఉందని వాడికీ తెలియదు.

మూత్రపిండాలు నీరసిస్తే రక్తంలో యూరియా పెరుగుతుంది. దాన్ని అమ్మోనియాగా విడగొట్టే ఎంజైము యూరియేజ్. ఆ అమ్మోనియాను కొలిస్తే యూరియా ఎంతో తేలిపోతుంది. 1913లో మార్షల్ అనే ఆయన సోయాగింజల యూరియేజ్‌తోనే ఈ కొలత వేశాడు.

కాని అసలు ఎంజైమంటే ఏమిటి? అది తేల్చినవాడు అమెరికాలోని జేమ్స్ సమ్నర్. పదిహేడో ఏట వేటకు వెళ్ళి తుపాకీ దెబ్బకు ఎడమచెయ్యి పోగొట్టుకున్నాడు. అసలే ఎడమచేతివాటం మనిషి! ఒంటిచేత్తో కెమిస్ట్రీ ఏం చేస్తావు, లా చదువుకోమని హార్వర్డులో గురువు ఫోలిన్ సలహా ఇచ్చాడట. వింటేగా! 1917లో కార్నెల్‌లో జాక్‌బీన్ గింజల పిండి ముందేసుకు కూర్చున్నాడు. అది మన పెరటి తమ్మకాయకు దగ్గర చుట్టమే. తొమ్మిదేళ్ళు పట్టింది. 1926లో యూరియేజ్ స్ఫటికాలు చేతికొచ్చాయి. ఎంజైము మాంసకృత్తేనన్నాడు. జర్మనీ పెద్దలు నమ్మలేదు. 1946లో నోబెల్ బహుమతిలో సగం వచ్చాక ఇక ఎవరేమంటారు? అన్నట్టు, మన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టింది కూడా ఆ ఫోలిన్ విభాగంలోనే.

పరీక్షకైతే చిటికెడు ఎంజైము చాలు. ఫ్యాక్టరీకి అలా కుదరదు. నీళ్ళలో కరిగిన ఎంజైమును పనయ్యాక వెనక్కి తీయడం కష్టం. ఖరీదైన సరుకు ఒక్క వాడకంతో సరి! మరి ఉపాయం? మన హైదరాబాదులో నహారీ వండేవాళ్ళనడగండి. మసాలా దినుసుల్ని గుడ్డలో మూటకట్టి వేస్తారు, దాన్ని 'పోట్లీ' అంటారు. సారం దిగుతుంది, దినుసు చెదరదు. ఎంజైమునూ అలాగే దేనికో ఒకదానికి కట్టిపడేస్తే సరి. బొగ్గుకు అంటించినా ఎంజైము పనిచేస్తుందని నెల్సన్, గ్రిఫిన్ 1916లోనే చూశారు. 1969లో జపాన్‌లో చిబాటా బృందం దాన్ని ఫ్యాక్టరీకెక్కించింది.

గింజల యూరియేజ్‌కూ ఆ యోగం పట్టింది. 1973లో అమెరికాలో వచ్చిన 'రెడీ' అనే డయాలిసిస్ యంత్రంలో జాక్‌బీన్ యూరియేజ్‌ను ఒక పొరలో నిలిపారు. అది యూరియాను విడగొడితే, పుట్టిన అమ్మోనియాను పక్క పొర పట్టేసేది. అవే నీళ్ళు మళ్ళీ మళ్ళీ తిరిగేవి. నూరు లీటర్లు దాటే చోట ఐదారు లీటర్లతో పని జరిగేది.

మా వాడు కుర్చీకి కట్టేసినట్టు పదేసి గంటలు కంప్యూటర్ ముందే ఉంటాడు. "ఎంజైముకు చెల్లుతుంది, నీకు చెల్లదు. లేచి కాసిని మంచినీళ్ళు తాగు" అన్నాను.

నా రిపోర్టు వచ్చింది. యూరియా హద్దులోనే ఉంది. ఒంటిచేతి సమ్నర్‌కు మనసులోనే నమస్కారం పెట్టుకున్నాను.